టేకుమట్ల జ్వరం

పంతొమ్మిది వందల తొంభై ఎనిమిది, ఆగస్టు ఇరవై మూడు, ఆదివారం. ఆ రోజు ఉపేందర్ ఏడు మక్క గారెలు తిన్నాడు. పెళ్లయి అప్పటికి తొమ్మిది రోజులు. కొత్త జంటకు రేగొండ అవతలి గుట్టలు చూపించుకొస్తామని పెద్దవాళ్లు జీపు మాట్లాడారు. జంటతో కలిపి పదమూడు మంది ఎక్కారు. శారద ముందు సీట్లో ఇద్దరు మేనత్తల మధ్య ఇరుక్కుంది. ఉపేందర్‌కు వెనకాల గారెల గంప పక్కన చోటు దొరికింది. గుట్ట మీదికి మబ్బు దిగి, మనుషులు ఒకరికొకరు కనబడకుండా పోయిన ఆ రెండు నిమిషాల్లో భార్యతో ఒక మంచి మాట అనాలని అతను గొంతు సవరించుకున్నాడు. "నీళ్లున్నయా?" అనే మాట బయటికొచ్చింది. మబ్బులోంచి ఒక చెయ్యి చెంబు అందించింది. అది శారద చెయ్యా, మేనత్త చెయ్యా అన్నది అతనికి ఈనాటికీ తెలియదు.

తర్వాత ఇరవై ఏడేళ్లు అలాగే గడిచాయి. తిరుపతికి పద్నాలుగు మంది వెళ్లారు, భద్రాచలానికి పదకొండు మంది. కిందటేడు శారదకు హన్మకొండలో పిత్తాశయం ఆపరేషన్ అయితే దవాఖాన గదిలోనూ ఎప్పుడూ తొమ్మిది మందికి తగ్గలేదు. కుట్లు పచ్చిగా ఉండగానే ఆమె మంచం మీదనుంచి ఫ్లాస్కు ఎక్కడుందో, చక్కెర ఏ సంచిలో ఉందో అందరికీ చెబుతూ పడుకుంది. ఇంటికి పంపించే రోజు ఉపేందర్ ఆమె పక్కన కూర్చుని, నీకేం కావాలో అడుగు అన్నాడు.

"ఏమొద్దు," అంది శారద. "ఆ గుట్టల మీదికి మనిద్దరమే పోవాలె. ఒక్కటే రోజు. మబ్బుల కూసోవాలె. ఆ రోజు నేను ఎవ్వలకు చాయ్ పెట్టద్దు. ఎవలు తిన్నరో, ఎవలు తినలేదో నాకు తెల్వద్దు."

అడిగింది చిన్నదే. అమలుచేయడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఉపేందర్ ఒక పాత కారు కొన్నాడు. యాభై రెండో ఏట నడపడం నేర్చుకున్నాడు. ఒక శనివారానికి గుట్ట కింద కొత్తగా కట్టిన రెండు గదుల విడిదిలో ఒక గది చెప్పిపెట్టాడు. తమ ఊరు తరిగొప్పులలో ఎవరికీ ఈ సంగతి తెలియనివ్వలేదు. ఇంట్లో కూడా ఇద్దరూ దీని గురించి మాట్లాడుకునేటప్పుడు టీవీ సౌండు పెంచేవారు.

అంత జాగ్రత్త ఎందుకంటే, తరిగొప్పులలో ఎవరైనా ఇంటికి తాళం వేస్తుంటే చూసినవాళ్లు ఎక్కడికని అడగాలి. అడగకపోతే అలిగినట్టు. అడిగితే చెప్పాలి. చెప్పకపోతే తెగదెంపులు చేసుకున్నట్టు. విన్నవాళ్లు ఊరికే ఉండకూడదు. వెంట రావాలి, లేదంటే వెంట ఏదైనా పంపాలి. అందుకే శనివారం తెల్లవారుజామున అయిదున్నరకు, ఇంకా కోళ్లు కూడా సరిగ్గా మేలుకోకముందే, ఉపేందర్ దొంగలా తాళం వేశాడు.

"పొద్దుగాల్నే ఏడికి బిడ్డా?"

పక్కింటి గట్టమ్మ. డెబ్బై దాటిన మనిషి, చేతిలో పేడనీళ్ల సాన్పి బకెట్టుతో గేటు దగ్గర నిలబడి ఉంది. చీకట్లోనే ఆమె కళ్లు కారు వెనక సీటులో ఉన్న రెండు బ్యాగులను లెక్కపెట్టేశాయి.

గుట్టలకు అంటే, "జర ఆగుర్రి, చీర మార్చుకొని అస్త," అంటుంది. ఉపేందర్‌కు పాతికేళ్ల ఆఫీసు అనుభవం సాయానికి వచ్చింది. జనగామలో వ్యవసాయ శాఖ కార్యాలయంలో, జ్వరం అని రాసిన సెలవు చీటీ మీద ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు. "టేకుమట్లకు అవ్వా. శారద వాళ్ల మేనమామ లేడా, రాజమల్లు మామ... ఆయనకు పానం బాగలేదట. జ్వరం," అన్నాడు.

అక్కడే పొరపాటు జరిగింది. ఆఫీసులో జ్వరమంటే రెండో ప్రశ్న ఉండదు. ఊళ్లోనూ రెండో ప్రశ్న ఉండదు, నిజమే. ఊళ్లో జ్వరమంటే బయలుదేరడమే. విహారానికి రమ్మంటే వడ్లు ఎండబోసుకున్నామనీ బర్రె ఈనేట్టుందనీ కొందరైనా ఆగిపోతారు. సుస్తీ చేసిన మనిషిని పలకరించడానికి వెళ్లకపోతే మాత్రం ఆ మాట మూడు తరాలు ఉంటుంది.

"అయ్యో పాపం! పోయి రార్రి బిడ్డా, పోయి రార్రి," అని గట్టమ్మ బకెట్టు కింద పెట్టేసింది. ఆమె ముగ్గు వెయ్యకుండానే ఇంట్లోకి వెళ్లడం ఉపేందర్ గమనించలేదు.

కారు ఊరు దాటాక శారద అతని భుజం మీద ఒక్కటేసింది. "పెద్దమనిషి మీద గట్లనా చెప్పుడు? డెబ్బై ఆరేండ్లు అచ్చినా ఒక్క గోలీ మింగలేదని ఊరంత చెప్పుకుంట తిరుగుతడు మామ."

"జ్వరమే గదనే అన్న. రేపటికి తగ్గుతది."

"ఇంగ ఫోన్లు?"

"బంద్." రెండు ఫోన్లనూ ఆర్పి కారు ముందరి అరలో పెట్టి మూత వేశాడు. మూత టక్కున పడిన చప్పుడుకు ఇద్దరికీ నవ్వొచ్చింది.

ఉపేందర్ నలభైకి మించి నడపడు. నలభైలో అయితే దారి పక్క చెట్లను కూడా పలకరిస్తూ పోవచ్చని అతని లెక్క. హన్మకొండ దాటేసరికి సన్నగా వాన పట్టుకుంది. పరకాల తర్వాత అది వానో మంచో తెలియకుండా పోయింది. పత్తి చేలు, మధ్యలో నీళ్లు నిలిచిన మళ్లు, ఆ నీళ్లలో ప్లాస్టిక్ కవర్లు కప్పుకుని వంగి నాట్లు వేస్తున్న ఆడవాళ్లు, అన్నీ నానిన కాగితం మీద రంగుల్లా ఒకదాన్లోకి ఒకటి కలిసిపోయాయి. ఒక కొంగ కారుతో సమానంగా కొంత దూరం ఎగిరి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగింది. శారద అద్దం దించి చెయ్యి బయట పెట్టింది. అరచేతిలో చినుకులు పడుతుంటే చిన్నపిల్లలా చూసుకుంది.

"గిట్లనే పోతనే ఉందామా?" అంది.

"పెట్రోలు ఉన్నకాడికి పోదాం."

రేగొండలో రేకుల కప్పు కింద ఉన్న చాయ్ దుకాణం దగ్గర ఆగారు. చాయ్ తాగాక శారద తనకు తెలియకుండానే రెండు గ్లాసులూ తీసుకుని తొట్టి దగ్గరికి నడిచింది. దుకాణం ఆమె వచ్చి గ్లాసులు లాక్కుంది. "నువ్వెందుకమ్మా కడుగుడు? పోయి కూసో."

శారద వచ్చి బల్ల మీద కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకుంది. కాసేపటికి ఆ చేతులు కూడా ఊరుకున్నాయి.

గుట్ట దగ్గరికి చేరేసరికి తొమ్మిదిన్నర. సగం దాకా రాళ్లలోనే తొలిచిన మెట్లున్నాయి. ఆ పైన ఒక వెడల్పాటి బండ. ఇద్దరూ దాని మీద కూర్చున్నారు. ఎదురుగా గుట్టలు ఒకదాని వెనక ఒకటి, దగ్గరివి ఆకుపచ్చగా, దూరపువి పొగలా. మబ్బు కింది అడవిలోంచి మెల్లగా పైకి పాకి, ముందు చెట్లను, తర్వాత మెట్లను, చివరికి వాళ్ల చెప్పులను కప్పేసింది. లోకంలో ఇక ఇద్దరే మిగిలారు. ఎక్కడో ఒక నీటి చుక్క రాయి మీద పడుతోంది, ఆగి ఆగి, తొందరేమీ లేనట్టు. ఇప్పటిదాకా తను మోసిన చప్పుళ్లన్నీ ఎవరో చెవుల్లోంచి తీసి పక్కన పెట్టినట్టు శారద కళ్లు మూసుకుంది.

పది నిమిషాలు అలాగే ఉన్నారు. తర్వాత ఆమె, "ఒక్క ఫొటో దిగుదామయ్యా," అంది.

ఫొటోకు ఫోను కావాలి. కారు దిగేటప్పుడు శారద తన ఫోనును అరలోంచి తీసి చేతిసంచిలో వేసుకుంది. గుట్ట మొత్తం మీద సిగ్నల్ వచ్చేది ఆ ఒక్క బండ మీదేనేమో, ఆన్ చెయ్యగానే శారద ఫోను వణకడం మొదలుపెట్టి ఎంతకూ ఆగలేదు. అరవై ఒక్క మిస్డ్ కాల్స్. కుటుంబం గ్రూపులో నూట ఇరవై సందేశాలు. శారద మొదటి నుంచీ ఒక్కొక్క గొంతు సందేశమూ నొక్కి విన్నది.

ఆరు గంటల పది నిమిషాలకు అక్క వసంత, కేసముద్రం నుంచి: "శారదా, గట్టమ్మవ్వ ఫోన్ చేసింది. మామకు జ్వరమట గద! నాకు ఒక్క ముక్క చెప్పలేదేందే? నేను పరాయిదాన్నైననా?"

ఆరూ నలభైకి మళ్లీ వసంత: "నీ ఫోన్ బందు. మీ ఆయన ఫోన్ బందు. మామకు చేస్తే మోగుతాంది గని ఎత్తుతలేడు. నా గుండె దడదడ కొట్టుకుంటాంది."

ఏడూ అయిదుకు వసంత భర్త వీరస్వామి. కేసముద్రం మార్కెట్ యార్డులో కాంటాల మధ్య అరిచి అరిచి ఆయన గొంతు మెల్లగా మాట్లాడడం ఎప్పుడో మరిచిపోయింది. గుట్ట మీద పక్షులు లేచిపోయాయి. "తమ్మీ ఉపేందరూ! ఫోన్ ఎత్తుతలేడంటే ముసలోడు దవాఖానల పడ్డట్టే. వరంగలా, హైదరాబాదా, గది చెప్పు. ఇయ్యాల నాకు మక్కల కాంటా ఉండే, ఇడిసిపెట్టిన. బొలెరో మాట్లాడిన!"

ఏడూ యాభైకి ఇంజను చప్పుడు మధ్య మళ్లీ ఆయనే: "పదకొండు మందిమి బయలెల్లినం. బ్రెడ్డు ప్యాకెట్లు, బత్తాయిలు పట్టుకున్నం. నలభై కొబ్బరిబోండాలు ఏసినం. పరేషాన్ గాకు తమ్మీ!"

తర్వాతది గట్టమ్మ తన జన్మలో పంపిన మొదటి గొంతు సందేశం. "ఆఁ... గిండ్ల మాట్లాడాల్నా? ఏది, గీ రంధ్రంలనా? బిడ్డా శారదా, మనూరి జితేందర్ ఆటోల నేనస్తున్న. జావ కాసుకొని తెస్తున్న. ఆయనను ఏం తిననియ్యకుర్రి. నేనచ్చేదాంక ఉండుమనుర్రి."

"తరిగొప్పుల నుంచి టేకుమట్లకు ఆటోలనా?" అన్నాడు ఉపేందర్ నీరసంగా.

తొమ్మిదింటికి వసంత ఏడుపు. "ఐసీయూల పెట్టిన్రటనే! ఎవలు చెప్పిన్రంటవా? అందరంటున్నరు!"

ఆ కింద అన్నీ రాతలే. వీరస్వామి కూతురు శ్రేయ, హైదరాబాదు హాస్టల్లో అప్పుడే నిద్రలేచి, తాత కోలుకోవాలని చేతులు జోడించిన బొమ్మ పెట్టింది. ఆ బొమ్మ కింద ఒకాయన 'ఓం శాంతి' అన్నాడు. ఆయన్ను చూసి మరో నలుగురు అన్నారు. తొమ్మిదీ ముప్పైకి ఎవరో దూరపు చుట్టం, 'ఎన్ని గంటలకు తీస్తరు? ఆ లెక్కన బస్సు పట్టుకుంట' అని అడిగాడు.

నాలుగు గంటల్లో రాజమల్లు మామకు జ్వరం వచ్చి, దవాఖాన చేరి, ఐసీయూ చూసి, పోయాడు కూడా.

"అంత ఉత్తదేనని పెడ్తనే," అన్నాడు ఉపేందర్ ఫోను అందుకోబోతూ.

"ఏమని పెడ్తవు? నలభై బోండాలు ఏసుకొని అస్తున్నోళ్లకు మేం మబ్బుల కూసున్నమని పెడ్తవా? గట్టమ్మవ్వ ముందట మల్ల జన్మల తలెత్తుతవా?" శారద రాజమల్లుకు ఫోను చేసింది. మోగింది. మోగుతూనే ఉంది. ఎత్తలేదు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అబద్ధంగా అన్న మాట ఆ పెద్దాయన గడప దాకా నిజంగానే నడిచి వెళ్లిందేమోనని ఉపేందర్‌కు భయం పట్టుకుంది.

"లే," అంది శారద. "ఆ మంది ఏడ్చుకుంట వాకిట్ల దిగకముందే మనం పోవాలె." లేచి, మబ్బు వైపు ఒక్కసారి చూసింది. "పది నిమిషాలు కూసున్నం గద. ఇంగో ఇరవై ఏడేండ్లకు సాలు."

ఆమె నవ్వుతూనే అంది. మెట్లు దిగుతుంటే ఉపేందర్ కాళ్లకు మాత్రం ఆ నవ్వు అడ్డం పడుతూనే ఉంది.

ఆ రోజు అతను జీవితంలో మొదటిసారి అరవైలో నడిపాడు. చిట్యాల మీదుగా టేకుమట్ల చేరేసరికి పదకొండు దాటింది. రాజమల్లు ఇంటి ముందు మంది ఎవరూ లేరు. తలుపు తీసి ఉంది. లోపల ఎవరూ లేరు. శారద మళ్లీ వాకిట్లోకి వచ్చి, "మామా!" అని పిలిచింది.

"ఎవల్లది?" అని పైనుంచి వినబడింది.

డెబ్బై ఆరేళ్ల రాజమల్లు, పంచె ఎగగట్టి, పెంకుల కప్పు మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో రెండు పెంకులు. వానకు కురుస్తున్నచోట సర్దుతున్నాడు. "శారదనా? అల్లుడు గూడ అచ్చిండే! ఏంది గిట్ల, చెప్పకుంట?"

శారద అరుగు మీద కూలబడి నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది. ఉపేందర్ మాత్రం, "ఫోన్ ఏమైంది మామా?" అన్నాడు, ప్రపంచంలో అదొక్కటే అడగవలసిన ప్రశ్న అయినట్టు.

"నిన్న వానల తడిసింది. బియ్యం డబ్బాల పెడ్తె తడి గుంజుతదన్నరు, పెట్టిన. పొద్దుగాల్నించి బియ్యం ఒకటే మోగుతాంది."

నిచ్చెన దిగి వచ్చిన మనిషికి శారద ఉన్నదున్నట్టు చెప్పింది. జ్వరం సంగతి చెప్పినప్పుడు రాజమల్లు మీసం అదిరింది. ఐసీయూ దగ్గర ఆయన తుండు విదిలించి భుజం మార్చుకున్నాడు. ఓం శాంతి దగ్గర లేచి నిలబడ్డాడు.

"నా తోటోళ్లు గోలీల డబ్బీలు పట్టుకొని తిరుగుతుంటే ఒక్క గోలీ మింగనోన్ని నేను! నన్ను మంచం ఎక్కిస్తర్రా? ఏం అల్లుడా, చెప్పెతందుకు నీకు మీ చుట్టాలెవ్వలు దొరకలేదా?"

"తప్పైంది మామా," అన్నాడు ఉపేందర్.

"ఎందుకు చెప్పిన్రు గట్ల?"

శారద కొంగు కొసను వేలికి చుట్టుకుంటూ, "ఇద్దరమే పోదామని మామా. గుట్టల మీదికి. మబ్బులు సూద్దామని. ఒక్క రోజే," అంది.

తడిసిన పెంకు ఒకటి ఇంకా రాజమల్లు చేతిలోనే ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మీ అత్త గూడ అడిగింది," అన్నాడు. "ఆ గుట్టలే. ఎన్నిసార్లు అడిగిందో. నాట్లున్నయన్న. ఎడ్లకు మ్యాత ఎవలేస్తరన్న. మొన్న మొన్ననే ఎడ్లనమ్మిన. మీ అత్త పోయి నాలుగేండ్లాయె." పెంకును గోడకు జాగ్రత్తగా ఆనించాడు.

వీధి మలుపులో హారన్ మోగింది. ఆగకుండా, పెళ్లి ఊరేగింపులా మోగింది. ఆ వెనకే, "ఓ మామా!" అని వసంత శోకం.

శారద రెండు చేతులూ జోడించింది. రాజమల్లు ఇద్దరినీ ఒకసారి చూసి, పంచె దించుకుని, గబగబా లోపలికి నడిచి, నులక మంచం మీద వెల్లకిలా పడుకుని, మెడదాకా చెద్దరు లాక్కున్నాడు. "జ్వరమేనా, ఇంగేమన్న చెప్పిన్రా?" అని అడిగాడు.

"జ్వరమే మామా."

"సరే," అని కళ్లు మూసుకుని, ఎంతో సాధన ఉన్నవాడిలా మూలిగాడు.

పదకొండు మందీ ఒకేసారి గదిలోకి వచ్చారు. మామ బతికే ఉన్నందుకు వసంత మరింత ఏడ్చింది. వీరస్వామి మంచం కోడు పట్టుకుని, "దవాఖాన నుంచి ఎప్పుడిడిసిన్రు?" అని అరిచాడు. "నేనే అచ్చిన. ఆడ గాలి ఆడలె," అన్నాడు రాజమల్లు బలహీనంగా. ఒకరు కాళ్లు ఒత్తడం మొదలుపెట్టారు. ఇంకొకరు బత్తాయి ఒలిచి నోట్లో పెట్టారు. పెంకుల మీద ఎండిపోయిన ఆయన గొంతుకు ఆ తొన హాయిగా ఉన్నట్టుంది. ఇంకొకటి పెట్టమని చేత్తో సైగ చేశాడు. నిచ్చెన గోడకు అలాగే ఉన్నా, మూలుగులో మునిగిపోయి దాని గురించి ఎవరూ అడగలేదు. అదొక దయ.

గంట తర్వాత ఆటో వచ్చింది. గట్టమ్మ నడుము పట్టుకుని దిగి, నూరు కిలోమీటర్ల పైన కుదుపుల్లో ఒక్క చుక్క ఒలకకుండా ఒడిలో పెట్టుకుని తెచ్చిన జావ గిన్నెతో లోపలికొచ్చింది. మంచంలోని మనిషిని తేరిపార చూసింది. ఆమె ఆయన్ను అంతకుముందెప్పుడూ చూసి ఉండలేదు. "నువ్వేనా రాజమల్లు?" అంది. "ఊఁ," అన్నాడు. "తాగు." గిన్నెడు జావ. ఉప్పు లేదు. రాజమల్లు ఒక్క చూపు ఉపేందర్ వైపు విసిరి, గటగటా తాగాడు. ఆ చూపుకు ఉపేందర్ తల దించుకున్నాడు.

అప్పటికే శారద లేచింది. పదిహేను మంది ఉన్నారు, చాయ్ పెట్టాలి. పాలు ఎన్ని ఉన్నాయో, గ్లాసులు ఎన్ని ఉన్నాయో ఆమె కళ్లు వెతుకుతున్నాయి. గుమ్మం దగ్గర నిలబడ్డ ఉపేందర్‌కు ఆమె కొంగు నడుముకు దోపుకోవడం కనబడింది. పొద్దున వాన చినుకులు పట్టిన చేతులవి. అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

మంచం మీద రాజమల్లు కూడా చూశాడు. హఠాత్తుగా, "మొక్కు!" అని కేకేశాడు.

కాళ్లు ఒత్తుతున్న చేతులు ఆగాయి.

"మొక్కున్నది," అన్నాడు, గొంతు సన్నం చేసుకుని. "మీ అత్తది. గుట్ట మీద దీపం పెడ్తనని మొక్కింది, పెట్టకుంటనే పోయింది. గందుకే పట్టుకున్నది నాకు గీ జ్వరం. ఆలుమగలు పోయి పెట్టాలె. ఇద్దరే పోవాలె. మూడో మనిషి పోతే చెల్లది. ఇయ్యాలనే, పొద్దుమూకక ముందల పెట్టాలె. రాత్రి గుట్ట కిందనే పండాలె."

"అంతేనా? నేను వసంత పోయస్తం!" అన్నాడు వీరస్వామి. "బయట బొలెరో ఉండనే ఉన్నది."

రాజమల్లు ఒక్క క్షణం తడబడి తేరుకున్నాడు. "పొమ్మను. గని పోంగ రాంగ ఒకలనొకలు ఒక్క మాట గట్టిగ అనుకోవద్దు. అంటే నా పానం మీదికస్తది."

"మేమెప్పుడు గట్టిగ అనుకున్నం మామా?" అని వీరస్వామి గోడలు అదిరేలా అడిగాడు.

"గిప్పుడు అంటున్నవు గద!" అంది వసంత.

"నేనేడ అన్న? నువ్వే అరుస్తున్నవు!"

"మనం తప్పుకుందాం తియ్యి. పొద్దుగాల్నించి డ్రైవరును ఎన్ని మాటలన్నవో!"

"నీ యవ్వ, డ్రైవరు సంగతి ఎందుకు గిప్పుడు!"

రాజమల్లు గట్టిగా మూలిగాడు. గట్టమ్మ లేచి నిలబడి తీర్పు చెప్పింది. "శారదను, పిలగాన్ని పంపుర్రి. ఇరవై ఏడేండ్ల సంది పక్కింట్ల ఉన్న, ఆ ఇద్దరు ఒక్కమాట అనుకోంగ నేనినలే. ఇంగ ఇనుర్రి, మొక్కు ఆలుమగలదంటే వాళ్ల ఎన్క ఎవ్వలు పోవద్దు. ఫోన్లు గూడ చెయ్యద్దు. నేను సూస్తనే ఉంట, ఎవ్వలు చేస్తరో!"

నోరు తెరవబోయిన వీరస్వామి నోట్లో ఆమె బత్తాయి తొన పెట్టింది. వంటింట్లోకి వెళ్లబోతున్న శారదను వసంత చెయ్యి పట్టి లాగింది. "నువ్వు పొయ్యి కాడికి రాకే! మొక్కున్నదానివి. నేను పెడ్త చాయ్. నువ్వు పో, జల్ది పో!"

ఇరవై ఏడేళ్లలో మొదటిసారి, వాళ్లిద్దరినీ ఎక్కడికైనా ఇద్దరినే పంపడానికి పదమూడు మంది వాకిట్లోకి వచ్చారు. ఎవరో కారు అద్దం తుడిచారు. ఎవరో నాలుగు బోండాలు లోపల పెట్టారు. వీరస్వామి తలుపు వేస్తూ, "మెల్లగ నడుపు తమ్మీ," అన్నాడు, తనకు చేతనైనంత మెల్లగా. పక్కింటి కోళ్లు రెండు మాత్రమే బెదిరాయి.

అంతకుముందు ఇంట్లో సెలవు తీసుకోవడానికి శారద మంచం దగ్గరికి వంగింది. రాజమల్లు ఆమె చెవిలో, "దీపం మాత్రం నిజంగనే పెట్టు బిడ్డా. గది ఒక్కటి ఉత్తది గాదు," అన్నాడు.

విడిదిలో వాన తగ్గేదాకా ఆగి, గుట్ట ఎక్కేసరికి సాయంత్రం అయిదు దాటింది. వాన వెలిసింది. మబ్బు మాత్రం వెళ్లలేదు, గుట్టల మధ్య నానబెట్టిన దూదిలా పరుచుకుని, అవతల దిగిపోతున్న ఎండను తనలోకి పీల్చుకుని, లోపలి నుంచి లేత నారింజ రంగులో వెలుగుతోంది. రేగొండలో తీసుకున్న మట్టి ప్రమిదలో నూనె పోసి, బండ మీద గాలి తగలని మూల చూసి శారద దీపం వెలిగించింది. మూడు పుల్లలు ఆరిపోయాయి. నాలుగోది నిలబడింది. అలాంటి గాలిలో ఒక దీపం పావుగంట వెలగడం చిన్న సంగతేం కాదు. ఇద్దరూ దాన్ని చూస్తూ కూర్చున్నారు. మాట్లాడుకోవడానికి చాలా ఉందనుకున్నారు గానీ, ఏమీ మాట్లాడుకోలేదు. ఉపేందర్ అరచేతి మీద శారద అరచెయ్యి ఉంది. దాని బరువు ఎంతో ఇన్నాళ్లూ అతను సరిగ్గా చూడలేదనిపించింది. దీపం ఆరిపోయాక కూడా లేవలేదు. చీకటి పడితే మెట్లు కనబడవని తెలిసీ కాసేపు లేవలేదు.

గుట్ట కింద విడిదిలో అన్నం తినేసరికి ఎనిమిది కావొచ్చింది. ఫోను మోగింది. రాజమల్లు. చెద్దరు కిందనుంచి మాట్లాడుతున్నట్టు గొంతు గుసగుసగా వచ్చింది.

"అల్లుడా, దీపం పెట్టిన్రా?"

"పెట్టినం మామా. నీ పానం ఎట్లున్నది?"

"మస్తున్నది. ఈడ వసంత నాటుకోడి కూర వండింది. పత్తెమని జావ పోస్తే నేనూకోనన్న. గట్టమ్మ, వీరస్వామి పత్తాలాడుతున్నరు, నాకు మంచంల కూసున్నకాడికే ఆట పంచిన్రు. మూడు బాజీలు గెలిచిన." వెనక వీరస్వామి నవ్వు పెద్దగా వినబడింది. "ఇంట్ల గింత సప్పుడు ఇని శాన రోజులైంది. రేపు ఎల్లిపోతమంటున్నరు. పొద్దుగాల మల్ల జర ఎక్కువైనట్టు మూలుగుదామనుకుంటున్న. మీరు రేపు రాకుర్రి. ఆడనే ఉండుర్రి."

"సోమారం ఆఫీసుంది మామా."

"సెలవు పెట్టు. ఎందుకంటే నాకు జ్వరమని రాయి."

ఫోను ఆగిపోయింది. ఉపేందర్ చెప్పింది విని శారద నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, భుజాలు అదిరేలా నవ్వి, చివరికి కళ్లు తుడుచుకుంది. బయట గుట్టల మీద మళ్లీ సన్నగా వాన మొదలైంది. ఒక మనిషికి సోమవారం దాకా జ్వరం తగ్గకూడదని ఆ రాత్రి ఆ జిల్లాలో ముగ్గురు మనసారా కోరుకున్నారు. వాళ్లలో ఒకామె లేచి వెళ్లి, చప్పుడు కాకుండా తలుపు వేసింది.